పదకొండో గదిలో రెండు నాణేలు

2009 అక్టోబర్ 3, శనివారం. ఉదయం 6:50కి జర్కథ్ శిథిల నగరం కాపలాదారు మర్దోన్, పదకొండో గదిలో దక్షిణపు గోడ సగం కూలి ఉండడం చూశాడు. మట్టిలోంచి ఒక బూటు బయటికి ఉంది. 7:35కి మట్టి తీశారు. కింద ఉన్నది వోసిఫ్ బురోనొవ్. వయసు అరవై ఒకటి. తవ్వకాల బృందంలో గోడల మీది రంగు బొమ్మల్ని పలకలుగా ఊడదీసి మరమ్మతు చేసే పనివాడు. అప్పటికే ప్రాణం పోయింది.

8:05కి స్టేషన్ నుంచి కెప్టెన్ నోసిర్ గదోయెవ్ వచ్చాడు. చనిపోయింది ఎవరో అతనికి దారిలోనే ఫోన్లో చెప్పారు. జీపు నడిపిన కానిస్టేబుల్ చెప్పినదాని ప్రకారం, కెప్టెన్ అద్దం దించాడు. మళ్ళీ ఎత్తాడు.

కానిస్టేబుల్‌కి కారణం తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. 1983 సెప్టెంబర్ 27న ఇదే పదకొండో గది గోడ నుంచి వీణ పట్టుకున్న స్త్రీ బొమ్మ ఒకటి ఊడదీశారు. రెండు రోజుల తర్వాత అది కనిపించలేదు. తన చేతికి అందనేలేదని బృందం పెద్ద అన్నాడు. కూలీల మేస్త్రీ గదో ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం మూట ఒకటి పట్టుకుని కొండ దిగడం చూశానని వోసిఫ్ కోర్టులో చెప్పాడు. గదోకి ఏడేళ్ళ శిక్ష పడింది. మూడో చలికాలం దాటలేదు. జైల్లోనే పోయాడు. బొమ్మ దొరకలేదు. గదో కొడుకు నోసిర్.

నోసిర్ నిచ్చెన మీదుగా గదిలోకి దిగాడు. శవం ముఖం మీది గుడ్డ తీసి చూశాడు. మళ్ళీ కప్పాడు.

పైనుంచి మర్దోన్ అడిగాడు. "పోయినవాడికి ఫాతిహా చదవవా?"

"నువ్వు చదువు, బోబో." తాత వయసువాళ్ళని అక్కడ అలాగే పిలుస్తారు.

"చదివాను. నీది నువ్వు చదవాలి."

"నా తండ్రి మీద మట్టి పోసినప్పుడు వీడు చదివాడా?"

మర్దోన్‌కి డెబ్భై నాలుగు. గదో కింద పదిహేనేళ్ళు పార పట్టినవాడు.

గది ఆరు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, పై నేల నుంచి మూడు మీటర్ల లోతు. ఉత్తరం వైపు గోడలో గుమ్మం. దానికెదురుగా దక్షిణపు గోడ. అందులో తూర్పు సగం కూలింది, పడమర సగం నిలబడే ఉంది. 1983లో తవ్వి, చూసి, మట్టి కప్పేసిన గది ఇది. పైకప్పు వేసి జనానికి చూపిద్దామని ఈ ఏడాది మళ్ళీ తెరిచారు. మోకాలి లోతు మట్టి ఇంకా తియ్యాల్సి ఉంది.

శవానికి జానెడు దూరంలో, గోడ మొదట్లో ఒక గొయ్యి ఉంది. అరవై సెంటీమీటర్లు పొడవు, నలభై అయిదు వెడల్పు. అడుగున రెల్లు చాప అచ్చు. చాప అంచున సున్నం పెచ్చులు నాలుగు. ఒకదాని మీద నీలి రంగు. గోళీకాయంత జిగురు ఉండ ఒకటి. నోసిర్ దాన్ని వాసన చూశాడు. గోడ బొమ్మలు గట్టిపడడానికి పట్టించే జిగురు. పెట్టినది ఇక్కడ ఎన్నో ఏళ్ళు ఉంది. ఇప్పుడు లేదు.

పైకెక్కి గోడ వెనకవైపు చూశాడు. గోడకీ వెనక మట్టికీ మధ్య చెయ్యి పట్టేంత సందు. కూలిన చోట గోడ తల మీద ఆరు పలకల గుంట ఒకటి, నాలుగు వేళ్ళ లోతు. గడ్డపార మొన దిగిన గుర్తు. నిలబడి ఉన్న సగం దగ్గర సందులో చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా తడి. గది లోపలివైపు నుంచి చూస్తే గోడ పొడిగా ఉంది.

పచ్చి ఇటుక గోడ పొడిగా ఉన్నంతకాలం నిలబడుతుంది. ఈ గోడ పదమూడు వందల ఏళ్ళు నిలబడింది.

"బోబో, నిన్న నీళ్ళ ట్యాంకరు ఎన్నింటికొచ్చింది?"

"నాలుగున్నరకి. పీపా నిండా పోశాడు. మూత నేనే పెట్టాను."

"పొద్దున?"

"టీకి చుక్క నీళ్ళు లేవని వంటావిడ నా మీద పడింది. రెండొందల లీటర్లు తాగడానికి నేనేమన్నా గాడిదనా అన్నాను. గాడిదైతే అడిగి తాగేది అంది."

"ట్యాంకరుకీ పొద్దుటికీ మధ్య పైకి ఎవరొచ్చారు?"

"ఉస్తాద్ జీపు. ఆరూ ఇరవైకి ఎక్కింది. అరగంటకి దిగింది. వానొస్తే గుంతలు తడుస్తాయి, కప్పడానికి వెళ్ళానన్నాడు. చీకట్లో వెనక దారిన నడిచి ఎక్కేవాళ్ళు నాకు కనబడరు."

"వాన సూచన ఉందా?"

మర్దోన్ మోకాలు నిమిరాడు. "ఇది నొప్పెట్టలేదు. ఇది నొప్పెట్టకుండా ఈ లోయలో వాన పడదు."

ఉస్తాద్ అంటే లుత్ఫుల్లో హకీమీ. బృందం పెద్ద. డెబ్భై ఏళ్ళు. 1983లోనూ ఆయనే పెద్ద.

"ఇవాళ పొద్దున?"

"ఆరూ పదికి లారీ వెళ్ళింది. ఏటా ఇంతే కదా. పని ముగియగానే పెట్టెలు రాజధానికి పోతాయి. తొమ్మిది పెట్టెలు."

"మేకులు కొట్టింది ఎవరు?"

"ఏటా వోసిఫ్ కొట్టేవాడు." మర్దోన్ ఆగాడు. "ఈసారి ఉస్తాద్ కొట్టాడు."

8:40కి నోసిర్ కోటు విప్పాడు. లోపలి జేబులోంచి మడత కత్తి తీశాడు. కొమ్ము పిడి, అరిగి వంకీ తిరిగిన అలుగు. గదో వాడిన కత్తి. మట్టిలో మట్టిగోడని పట్టడానికి గదోకి అదొక్కటే పనిముట్టు. పోసిన మట్టిలో దిగితే ఒక చప్పుడు, ఇటుకకి తగిలితే ఇంకో చప్పుడు. నోసిర్‌కి పన్నెండో ఏట నేర్పాడు.

ఇక్కడ తవ్వేవాళ్ళందరికీ ఒక ఆచారం ఉంది. గది తవ్వడం అయ్యాక, మట్టి కప్పేముందు, నేల మీద ఆ ఏడాది అచ్చయిన నాణెం ఒకటి పెడతారు. రేపెవడైనా మళ్ళీ తవ్వితే, ఇది ఒకసారి తవ్విన చోటే, ఫలానా ఏడాది మూసినదే అని వాడికి తెలియాలి. పెట్టకుండా మూయడం వాళ్ళ లెక్కలో తప్పు. అబద్ధం రాసినంత తప్పు.

గదో ఎప్పుడూ ఈశాన్య మూలలో పెట్టేవాడు. నోసిర్ అక్కడ మొదలుపెట్టాడు. 9:05కి నేల తగిలింది. నాణెం అక్కడే ఉంది. సోవియట్ కాలపు మూడు కోపెక్కులు. 1983.

మర్దోన్ నిచ్చెన మీదే కూర్చున్నాడు. "మీ నాన్నది."

"మా నాన్నదే."

నోసిర్ దాన్ని తియ్యలేదు. ఫొటో తీసి, గుమ్మం వైపు వెళ్ళాడు. అక్కడి మట్టి వేరుగా ఉంది. వేళ్ళతో నెడితే చాలు, కత్తి దిగింది. గుమ్మం నుంచి దక్షిణపు గోడ దాకా ఒక మీటరు వెడల్పున అంతా అదే మట్టి. గది మూసేశాక ఎవరో ఈ మేరకి మళ్ళీ తెరిచారు. మళ్ళీ మూశారు.

9:22కి గుమ్మం కుడిపక్కన కత్తి పెంకుకి తగిలింది. కుండ పెంకు, బోర్లించి ఉంది. ఎత్తాడు. కింద ఇంకో నాణెం. మూడు కోపెక్కులు.

"ఎంత ఉంది?" మర్దోన్ అడిగాడు.

"ఎనభై నాలుగు."

"కళ్ళజోడు పెట్టుకుని చూడు."

"ఎనభై నాలుగే, బోబో."

1984 తవ్వకాలు ఆగస్టు 15న మొదలై అక్టోబర్ 10న ముగిశాయి. అప్పటికి గదో జైల్లో ఉన్నాడు. వోసిఫ్ ఆగస్టు 9 నుంచి అక్టోబర్ 30 దాకా కామెర్లతో ఆసుపత్రిలో, అంటురోగాల వార్డులో ఉన్నాడు. ఈ సంగతి నోసిర్ ఏ రికార్డులోనూ వెతకనక్కర్లేదు. పంతొమ్మిదేళ్ళ వయసులో, ఈ కత్తే జేబులో పెట్టుకుని, ఆ వార్డు కిటికీ కింద పదకొండు రోజులు నిలబడ్డవాడు తనే. వోసిఫ్ ఎప్పుడు బయటికొస్తాడా అని. పన్నెండో రోజు తల్లి వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

బొమ్మని ఇక్కడ దాచింది గదో కాదు. వోసిఫ్ కూడా కాదు.

"ఇరవై ఆరేళ్ళు ఒకే పేరు తిట్టాను, బోబో," అన్నాడు నోసిర్. "తప్పు పేరు."

"సగం తప్పు. కోర్టులో చెప్పింది వాడే కదా."

"చెప్పించింది వేరేవాడు."

రెండు నాణేలకీ ఫొటోలు తీశాడు. మర్దోన్ చేత కాగితం మీద సాక్షి సంతకం పెట్టించాడు. 1984 నాణెం ఉన్నచోటే ఉంచి, పెంకు బోర్లించి, పైన మట్టి కప్పి కాలితో తొక్కాడు. 9:35కి కనుమ చెక్‌పోస్టుకి ఫోన్ చేశాడు. మాట్లాడింది నలభై సెకన్లు. లారీ నెంబరు చెప్పాడు. పెట్టెలన్నీ విప్పి చూడమన్నాడు.

శవాన్ని 9:40కి తీసుకువెళ్ళారు.

9:50కి ప్రాసిక్యూటర్ ఆఫీసు కారు వచ్చింది. అందులోంచి సీనియర్ ఇన్వెస్టిగేటర్ బెహ్జోద్ కమోలి దిగాడు. ముప్ఫై ఆరేళ్ళు, నోసిర్ కంటే ఎనిమిదేళ్ళు చిన్న, హోదాలో రెండు మెట్లు పైన. వెనక సీట్లోంచి ఉస్తాద్ హకీమీ దిగాడు.

బెహ్జోద్ గట్టు మీద నిలబడి కిందికి చూశాడు. వయసులో పెద్దవాడని నోసిర్‌ని అకా, అంటే అన్నా, అని పిలిచేవాడు. "ఇందులో కేసేముంది, నోసిర్ అకా? గోడ పాతది. మనిషి ముసలాడు. ఇద్దరూ కలిసి పడ్డారు."

"గోడని గడ్డపారతో తోశారు."

"లేదా వాడే గడ్డపార తెచ్చుకుని దొంగతనంగా తవ్వుతూ మీదకి తెచ్చుకున్నాడు. గొయ్యి ఎవరు తవ్వారు?"

"వోసిఫే."

"అయిపోయిందిగా. దొంగ చచ్చాడు, దొంగసొత్తు పోయింది. రాసెయ్."

"సొత్తు నడిచిపోయిందా?"

బెహ్జోద్ జేబులోంచి ప్లాస్టిక్ సంచిలో ఉన్న సెల్‌ఫోన్ తీశాడు. దారిలో శవం బండిని ఆపి, చనిపోయినవాడి చొక్కాలోంచి తీసుకున్నది. "సరే, హత్యే అనుకుందాం. అలా అయితే నాకింకో లెక్క వస్తుంది. నిన్న రాత్రి 9:10, 9:14. ఇవాళ తెల్లవారుజామున 5:05. మూడూ నీ నెంబరుకే. ఏం మాట్లాడాడు?"

"నేను ఎత్తలేదు. కట్ చేశాను."

"మూడుసార్లూ?"

"ముప్ఫైసార్లు చేసినా అంతే."

"ఎందుకు?"

"కుక్క ఫోన్ చేస్తే నువ్వు ఎత్తుతావా?"

"చచ్చినవాడి గురించి మాట్లాడే పద్ధతా ఇది?"

"బతికున్నప్పుడూ ఇలాగే మాట్లాడాను. మార్చుకునే టైము ఇవ్వలేదు వాడు."

బెహ్జోద్ ఒక కాగితం తీసి నిచ్చెన మీదుగా కిందికి అందించాడు. "నీ మీద అనుమానం రాకుండా నేనే ఒక మేలు చేశాను. పన్నెండింటికి కేసు నా చేతికి వస్తుంది. సంతకం అయింది. అప్పటిదాకా నీ ఇష్టం. ప్రమాదం అని రాస్తే ఈ మూడు ఫోన్లూ నేను చూడలేదు. హత్య అని రాస్తే మొదటి పేరు నీదే. తండ్రి పగ, కొడుకు ఒంటి మీద యూనిఫాం. చదివేవాళ్ళకి కథ బాగా అర్థమవుతుంది."

నోసిర్ కాగితం చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పన్నెండింటికి ఇంకా రెండు గంటలుంది. టీ తాగుదాం. ఉస్తాద్‌తో నాలుగు మాటలున్నాయి. బోబో, బొంతలు తీసుకురా. ఇక్కడే పరుద్దాం. నీడగా ఉంది."

నీడ ఉన్నది దక్షిణపు గోడ కింద. ఇంకా నిలబడి ఉన్న సగం కింద. మర్దోన్ నోసిర్ ముఖం వైపు చూశాడు. నోసిర్ తల ఊపాడు. ముసలాయన బొంతలు పరిచి, టీ కూజా, నాలుగు పియాలాలు, రొట్టె పెట్టి పైకెక్కిపోయాడు.

10:15కి నోసిర్ గోడ కింద కూర్చున్నాడు. బెహ్జోద్ బూట్లు విప్పి పక్కన చేరగిలబడ్డాడు. ఉస్తాద్ హకీమీ నిచ్చెన దిగి, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"రండి, ఉస్తాద్."

"మోకాళ్ళు వంగవు, కెప్టెన్. నిలబడతాను."

"నిన్న ఆరూ ఇరవైకి ఇక్కడికొచ్చి గుంతలు కప్పారట. అప్పుడు వంగాయి కదా."

"దాని ఫలితమే ఇవాళ."

"పోనీ, ఇలా గోడ పక్కకి వచ్చి నిలబడండి. ఎండలో ఎందుకు?"

"ఎండ మంచిదే."

బెహ్జోద్ వీపు గోడకి ఆనించబోయాడు.

"ఆనుకోకు," అన్నాడు ఉస్తాద్.

"ఏం?"

"పాత గోడ."

"అరబ్బులు వచ్చి ఊరు తగలబెట్టినప్పుడు కూడా ఇది పడలేదని మీరేగా పుస్తకంలో రాశారు," అన్నాడు నోసిర్. "పదమూడు వందల ఏళ్ళు నిలబడింది. ఇవాళ బెహ్జోద్ వీపు తగిలితే పడుతుందా?"

బెహ్జోద్ నవ్వి, గోడకి ఆనుకుని, రొట్టె తుంచాడు. ఇతనికి నీళ్ళ సంగతి తెలియదని నోసిర్ ఆ క్షణంలో గుర్తుపెట్టుకున్నాడు.

"పదకొండో గది మొదట తవ్వింది ఎప్పుడు, ఉస్తాద్?"

"ఎనభై మూడు. ఆగస్టు, సెప్టెంబర్."

"మూసింది?"

"అక్టోబర్ 2. మీ నాన్నే మూశాడు. అరెస్టు చేయడానికి ముందు రోజు."

"తర్వాత తెరిచారా?"

"ఈ ఏడాదే. మధ్యలో ఎవరూ తెరవలేదు. ఏటా డైరీ నేనే రాస్తాను. తెరిస్తే అందులో ఉంటుంది."

"ఎనభై నాలుగులో?"

"చెప్పాను కదా. తెరవలేదు."

బెహ్జోద్ గడియారం చూసుకున్నాడు. "పాత లెక్కలు తవ్వుకోవడానికా మమ్మల్ని దింపింది?"

"ఒక్క సంగతి, అంతే. చిన్నప్పటి అనుమానం." టీ బాగా దిగడానికి నోసిర్ దాన్ని పియాలాలోకి పోసి, తిరిగి కూజాలోకి పోశాడు. మూడుసార్లు. "మా నాన్న నాణెం ఈశాన్య మూలలో పెట్టేవాడు. ఎందుకూ అంటే, మా ఉస్తాద్ పద్ధతి వేరు, నాది వేరు అనేవాడు. మీ పద్ధతేమిటి?"

ఉస్తాద్ ముఖంలో మార్పు వచ్చింది. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినవాడు ఆయన. "మూలలో పెట్టడం తప్పని గదోకి ఎన్నిసార్లు చెప్పానో. మళ్ళీ తవ్వేవాడు మూల నుంచి రాడు. గుమ్మం నుంచి వస్తాడు. అందుకని గుమ్మం దగ్గర పెట్టాలి. కుడిపక్కన. ఊరికే పెడితే పార తగిలి ఎగిరిపోతుంది. పైన పెంకు ఒకటి బోర్లించాలి. నా దగ్గర చదివిన పిల్లలకి మొదటి రోజు ఇదే…"

ఆగాడు. కిందికి చూశాడు. ఆయన నిలబడి ఉన్నది గుమ్మంలో.

కుడికాలు ఒక అడుగు వెనక్కి తీశాడు.

10:32. నోసిర్ పియాలా తీసుకుని అంచు దాకా టీ పోశాడు. లేచి వెళ్ళి ఉస్తాద్‌కి అందించాడు. ఆ ఊళ్ళో గౌరవం ఉన్నవాడికి సగం పియాలా పోస్తారు. నిండుగా పోస్తే, తాగి దయచెయ్యమని.

ఉస్తాద్ అందుకోలేదు. నోసిర్ దాన్ని గుమ్మం పక్కన నేల మీద పెట్టాడు. బెహ్జోద్ తినడం ఆపాడు.

"మట్టి తీయమంటారా, మీరే తీస్తారా?"

"ఏం మట్టి?" బెహ్జోద్ అడిగాడు.

నోసిర్ వంగి కత్తితో మట్టి పక్కకి తీశాడు. పెంకు ఎత్తాడు. నాణెం తీయకుండా, బెహ్జోద్‌ని దగ్గరికి రమ్మన్నాడు. బెహ్జోద్ వచ్చి, చదివి, మళ్ళీ వెళ్ళి అదే చోట కూర్చున్నాడు.

"మా నాన్న నాణెం ఆ మూలలో ఉంది. ఎనభై మూడు," అన్నాడు నోసిర్. "మీది ఇక్కడుంది. తవ్వేసిన గదిని మళ్ళీ ఎవరూ తవ్వరు. దాచడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఎనభై నాలుగులో ఇక్కడిదాకా తెరిచి బొమ్మ పెట్టారు. మూసేటప్పుడు మీ చెయ్యి దాని పని అది చేసేసింది. నాణెం పెట్టకుండా మూయడం మీకు చేతకాలేదు."

"విద్యార్థి ఎవడైనా పెట్టి ఉండొచ్చు."

"తెరవని గదిలోనా?"

ఉస్తాద్ పెంకు వైపు చూశాడు.

"ఈ ఏడాది పైకప్పు వేస్తున్నారు. ఇక ఇక్కడ ఉంచలేరు. లారీ ఆరింటికి. దానికి ముందే తీయమని వోసిఫ్‌కి చెప్పారు. మీ కోసం కోర్టులో అబద్ధం చెప్పినవాడు, మొత్తం తెలిసినవాడు వాడొక్కడే. బొమ్మ పైకి అందించాడు. మీరు అందుకుని పెట్టెలో పెట్టే లోపల గడ్డపార ఒక్కసారి వాల్చారు. గోడ వెనక సందులో నీళ్ళు ముందురోజే పోసి ఉంచారు కాబట్టి డెబ్భై ఏళ్ళ చేతికి కూడా లొంగింది."

"నీళ్ళా?" అన్నాడు బెహ్జోద్.

"వాడు నాకు ఫోన్ చేస్తున్నాడని మీకు తెలిసిందా, ఉస్తాద్?"

ఉస్తాద్ మొదటిసారి నోసిర్ కళ్ళలోకి చూశాడు. "గదో మంచి పనివాడు," అన్నాడు. "నేను కోర్టులో అదే చెప్పాను."

"చెప్పారు. నేను మూడో వరసలో కూర్చుని విన్నాను. మంచి పనివాడు, కానీ చదువు లేనివాడు, ఆశకి పోయాడు, అన్నారు. అమ్మ ఆ మాట చచ్చేదాకా మర్చిపోలేదు."

నోసిర్ చేతిలో కత్తి ఉంది. అలుగుకి మట్టి అంటుకుని ఉంది. దాన్ని ప్యాంటుకి తుడిచాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంత పనికి రెండు నిమిషాలు పట్టిందని పైనుంచి చూసిన మర్దోన్ తర్వాత చెప్పాడు.

"రెండు నాణేలు," అన్నాడు బెహ్జోద్ చివరికి. "దీన్ని కోర్టుకి తీసుకెళ్తే జడ్జి తన జేబులోంచి మూడోది తీసి నీ చేతిలో పెట్టి ఇంటికి పొమ్మంటాడు. ఉస్తాద్‌కి ప్రభుత్వ బహుమతి ఉంది. నీకేముంది? మూడు కట్ చేసిన ఫోన్లు."

"ముందు అక్కడ్నుంచి లే."

"ఏం?"

"నీ వెనక రెండొందల లీటర్లలో సగం ఇంకా ఇంకుతోంది."

బెహ్జోద్ గోడ వైపు తిరిగాడు. తర్వాత ఉస్తాద్ వైపు చూశాడు. బూట్లు చేత్తో పట్టుకుని నిచ్చెన దగ్గరికి వచ్చాడు. "తెలిసీ నన్ను దాని కింద కూర్చోబెట్టావా?"

"నేనూ కూర్చున్నాగా."

"నీకు పిచ్చి."

"తెలిసినవాడు కూర్చోడని చూడాలనుకున్నాను. చూశాను. నువ్వూ చూశావు. సాక్షి సంతకం పెట్టాల్సి వస్తుంది."

11:05కి అందరూ గది పైకి వచ్చారు. ఉస్తాద్‌ని జీపులో కూర్చోబెట్టి కానిస్టేబుల్‌ని పక్కన కాపలా పెట్టారు. ఆయన నీళ్ళు అడిగాడు. పీపా ఖాళీ అని మర్దోన్ చెప్పాడు. చెప్పి, తన సీసాలోవి ఇచ్చాడు.

బెహ్జోద్ కొంచెం దూరం వెళ్ళి రెండు ఫోన్లు చేశాడు. మొదటిది ఎవరూ ఎత్తలేదు. రెండోది అర నిమిషం మాట్లాడాడు. తిరిగొచ్చి గొంతు తగ్గించాడు. "చూడు, అకా. ముసలాయనకి డెబ్భై. ఎన్నాళ్ళుంటాడు? ప్రమాదం అని రాయి. మీ నాన్న పాత కేసు మళ్ళీ తెరిపించి పేరు కొట్టేయిస్తాను. నా మాట. నీకు కావలసింది అదేగా?"

"పేరు కొట్టేయడానికి బొమ్మ కావాలి. అది ఎక్కడుంది?"

"నాకెలా తెలుస్తుంది?"

"నేను అడిగింది నిన్ను కాదు. ఊరికే పైకి అన్నాను."

11:31కి దక్షిణపు గోడ మిగతా సగం గదిలోకి కూలింది. గాలి లేదు. ఎవరూ దగ్గర లేరు. బొంతలు, కూజా, మూడు పియాలాలు దాని కింద పడిపోయాయి. నాలుగోది గుమ్మం దగ్గర ఉంది. అది నిండుగానే ఉంది.

బెహ్జోద్ సిగరెట్ వెలిగించడానికి మూడు అగ్గిపుల్లలు గీశాడు.

11:46కి నోసిర్ ఫోన్ మోగింది. కనుమ చెక్‌పోస్టు సార్జంట్. గాలి హోరు వల్ల గట్టిగా మాట్లాడుతున్నాడు.

"కెప్టెన్, లారీ పదకొండుంబావుకి వచ్చింది. డ్రైవరు పెట్టెలు విప్పనీయనన్నాడు. విప్పాం. ఆరు దాకా పెంకులే. ఏడో దాంట్లో జిగురు సీసాల మధ్య చాపలో చుట్టి ఒక పలక ఉంది. ఆడమనిషి బొమ్మ. చేతిలో వీణలాంటిది. ఒక చెవి లేదు."

"ఎడమ చెవి."

"ఎడమదే. ఎలా తెలుసు?"

"పాత కేసు ఫైల్లో ఫొటో చూశాను. వెనక్కి తిప్పు. మెల్లిగా. వెనక ఏమన్నా రాసి ఉందా?"

అవతల మాటలు వినిపించాయి. ఎవరో టార్చి తెమ్మన్నారు.

"ఉంది. పెన్సిల్‌తో. చదవనా?"

"చదువు."

"గది పదకొండు. దక్షిణపు గోడ. 27.9.1983. ఊడదీసి అప్పగించినది: గదో. అందుకున్నది…" సార్జంట్ ఆగాడు. "ఇది వేరే చేతిరాత. సంతకం. ఎల్. హకీమీ."

"మళ్ళీ చదువు."

సార్జంట్ మళ్ళీ చదివాడు. నోసిర్ నోట్‌బుక్ మోకాలి మీద పెట్టుకుని ఒక్కొక్క మాటా రాసుకున్నాడు. మర్దోన్ పక్కకి వచ్చి నిలబడి, ఆ రాత చదివి, టోపీ తీశాడు.

"ఇంకో సంగతి, కెప్టెన్. తనిఖీ చేయకుండా వదలాలని డ్రైవరు దగ్గర కాగితం ఉంది. అందుకే విప్పనీయనన్నాడు. స్టాంపు కూడా ఉంది. మేం విప్పినందుకు మాకేమన్నా అవుతుందా?"

"ఏ తేదీ?"

"నిన్నటిది. అక్టోబర్ 2. సాయంత్రం నాలుగున్నర."

"ఎవరి సంతకం?"

బెహ్జోద్ మూడడుగుల దూరంలో ఉన్నాడు. సిగరెట్ సగం కాలింది.

"సీనియర్ ఇన్వెస్టిగేటర్," చదివాడు సార్జంట్. "బెహ్జోద్ కమోలి."

నోసిర్ అది కూడా రాసుకున్నాడు. పక్కన టైము వేశాడు. 11:52. ఆర్డరు ప్రకారం పన్నెండింటి దాకా కేసు నోసిర్‌దే.